గడ్డ లేచింది, చీటీలో ఏం రాశారు?

మే నెలలో వీపు మీద గడ్డ లేస్తే మన ఇళ్ళల్లో కారణం కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు. "మామిడిపళ్ళు తెగ తిన్నావు, వేడి చేసింది" అని తేల్చేస్తారు. మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, గడ్డ మీద సున్నం బెల్లం కలిపి పట్టు వేస్తారు. కొన్నాళ్ళకి అది మెత్తబడి, పగిలి, చీము కారి మానిపోతుంది. ఎక్కువసార్లు జరిగేది ఇదే కాబట్టి వేడి అన్న మాట తరాలుగా నిలిచింది. అందులో సగం నిజం ఉంది కూడా. ఎండాకాలం చెమట, చెమటకి తడిసిన బట్టల ఒరుపు గడ్డలకి దారి చేస్తాయి. మామిడిపండు చేసిన నేరమల్లా అదే కాలంలో కాయడం. మిగతా సగం తెలియకపోవడం వల్లే ఇంట్లో మానిపోవాల్సిన గడ్డ ఒక్కోసారి ఆసుపత్రి మంచం దాకా తీసుకుపోతుంది.

సెగ్గడ్డ పుట్టేది వెంట్రుక కుదుట్లో. చర్మం మీద కంటికి కనపడనంత సన్నని నూగు కూడా ఒక కుదురులోంచే మొలుస్తుంది. ఒరుపుకో, గోకుడుకో, గీసుకున్న బ్లేడుకో ఆ కుదురు దెబ్బతింటే అక్కడే కాచుకుని ఉన్న సూక్ష్మజీవి లోపలికి దిగుతుంది. చాలా మటుకు అది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఇదేదో బయటినుంచి వచ్చిపడే శత్రువు కాదు. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కుల్లో ఏ బాధా పెట్టకుండా కాపురం ఉంటుంది. ముక్కు నుంచి వేలికి, వేలి నుంచి వీపుకి చేరుతుంది. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ 1880లో చీమును సూక్ష్మదర్శినిలో చూసి, ద్రాక్షగుత్తుల్లా గుంపులు కట్టిన ఈ గుండ్రటి జీవుల్ని పట్టుకున్నాడు. స్టెఫిలోకాకస్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. అంతకుముందు చీము పట్టడం పుండు మానడంలో ఒక భాగమేనని నమ్మిన వైద్యులు చాలామంది ఉండేవారు.

సూక్ష్మజీవి లోపలికి దిగగానే ఒంట్లోని తెల్లరక్తకణాలు అక్కడికి పరుగెడతాయి. చచ్చిన కణాలు, కరిగిన కణజాలం, బ్యాక్టీరియా కలిసి చీమవుతాయి. దాని చుట్టూ శరీరం ఒక గోడ కడుతుంది. ఈ గోడ సంగతి గుర్తుపెట్టుకోవాలి, చికిత్స అంతా దాని చుట్టూ తిరుగుతుంది. చీము ఒళ్ళంతా పాకకుండా ఆపేది ఆ గోడే, మింగిన మందు చీములోకి సరిగ్గా చేరకుండా అడ్డం పడేదీ ఆ గోడే. చీము లోపల రక్తనాళాలు ఉండవు, రక్తం వెళ్ళని చోటికి మందు ఎలా వెళ్తుంది?

మొండెం మీద గడ్డలు ఎక్కడపడితే అక్కడ లేవవు. బెల్టు ఒత్తుకునే నడుము, లంగా బొందు కోసుకుపోయే చోటు, గజ్జలు, రొమ్ముల కింద మడత, లారీ డ్రైవరుకి సీటుకి ఆనుకునే వీపు, ఇవీ వాటి తావులు. వీపుతో ఇంకో చిక్కుంది. మన వీపు మనకి కనపడదు. పైగా అక్కడి చర్మం చాలా మందం. చీము పైకి తన్నుకు రాలేక చర్మం కిందే పక్కలకి పాకి, పక్కనున్న కుదుళ్ళని కూడా కలుపుకుని, చివరికి నాలుగైదు కళ్ళతో జల్లెడలా తయారవుతుంది. డాక్టర్లు దీన్ని కార్బంకుల్ అంటారు. ఒకే కుదురులో పుట్టిన గడ్డ ఫ్యూరంకుల్. వెంట్రుక కుదురుతో సంబంధం లేకుండా, ముల్లు గుచ్చుకునో ఇంజెక్షన్ వికటించో చీము చేరితే అది అబ్సెస్. కుదురు పైపైన మాత్రమే వాచి చిన్న పొక్కులా ఉంటే ఫాలిక్యులైటిస్. మన నోట అన్నీ గడ్డలూ కురుపులే. కానీ చికిత్స మారేది, కాగితం మీద రాత మారేది ఈ తేడాల దగ్గరే.

సెగ్గడ్డలా కనిపిస్తూ సెగ్గడ్డ కానివి ఇంకా ముఖ్యం. వీపు మీద ఏళ్ళ తరబడి నొప్పిలేకుండా ఉన్న ఉండ ఒకరోజు ఎర్రబడి సలపడం మొదలుపెడితే, నడినెత్తిన నల్లటి చుక్క కనిపిస్తే, అది వాచిన సిస్టు. లోపల చీముతో పాటు జున్నుముక్కల్లాంటి దుర్వాసన పదార్థం ఉంటుంది. చీము మాత్రం తీసి వదిలేస్తే దాని సంచి అక్కడే ఉండి మళ్ళీ నిండుతుంది. వాపు తగ్గాక ఆ సంచిని కూడా తీయించుకోవాలి. ఒకే పక్కన నడుమును చుట్టినట్టు నీటిపొక్కులు, మంట వస్తే అది సర్పి. వైరస్ వల్ల వచ్చేది, దాని మందు వేరు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. పిరుదుల చీలిక పైన, తోక ఎముక దగ్గర పదేపదే చీము పట్టేది పైలోనిడల్ సైనస్.

రెండింటి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మొదటిది క్షయ. ఛాతీ గోడ మీదో వెన్నెముక పక్కనో మెత్తటి గడ్డ లేస్తుంది. చీము ఉంటుంది, కానీ ఎరుపు లేదు, వేడి లేదు, సలుపు లేదు. కోల్డ్ అబ్సెస్ అనేది దీన్నే. వెన్నుపూసలోనో పక్కటెముకలోనో ఉన్న టీబీ చీము ఇలా బయటికి జారుతుంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, నడుం నొప్పి తోడైతే అనుమానం గట్టిపడాలి. సెగ్గడ్డ అనుకుని ఎవరో గాటు పెట్టి వదిలేస్తే ఆ పుండు నెలల తరబడి మానక కారుతూనే ఉంటుంది. నొప్పి లేదని సంతోషించే గడ్డ కాదిది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ప్రతి డాక్టరూ దీన్ని మనసులో పెట్టుకునే వీపు తడమాలి.

రెండోది హైడ్రాడినైటిస్ సప్పురేటివా. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద ఒకటి తగ్గితే ఒకటి లేస్తూ, లోలోపల ఒకదానికొకటి సొరంగాలు తవ్వుకుంటూ, మచ్చలు మిగిల్చే దీర్ఘకాలిక చర్మవ్యాధి ఇది. సాధారణంగా యుక్తవయసులోనో ఆ తర్వాత కొన్నేళ్ళకో మొదలవుతుంది. శుభ్రత లేక వచ్చిందని చుట్టూ ఉన్నవాళ్ళు అంటారు. సిగ్గుతో ఏళ్ళ తరబడి ఎవరికీ చూపించని ఆడపిల్లలున్నారు. ఇది శుభ్రత వల్ల వచ్చేదీ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు. ప్రతిసారీ కోసి చీము తీస్తే మానేదీ కాదు. చర్మవ్యాధుల నిపుణుల దగ్గర దీనికి విడిగా చికిత్స ఉంది. ఆరు నెలల్లో రెండుసార్లు అదే చోట్లలో గడ్డలు లేస్తే ఈ పేరు గట్టిగా అడగండి.

గడ్డను తేల్చుకోవడానికి డాక్టరుకి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వేలితో ఒక పక్క నొక్కి, రెండో వేలి కింద చీము కదులుతోందా అని చూస్తారు. ఇంకా గట్టిగా ఉంటే పండలేదు, కదిలితే చీము చేరింది. అనుమానంగా ఉంటే అల్ట్రాసౌండ్ చెబుతుంది. మళ్ళీ మళ్ళీ వస్తుంటే, గడ్డ పెద్దదైతే, మందుకి లొంగకపోతే చీమును కల్చర్ పరీక్షకి పంపాలి. తప్పనిసరిగా చేయాల్సిన మరో పరీక్ష రక్తంలో చక్కెర. షుగర్ అదుపులో లేకపోతే తెల్లకణాలు సరిగ్గా పోరాడలేవు. వీపు మీద కార్బంకుల్ లేచిన రోజే తనకి షుగర్ ఉందని తెలుసుకున్నవాళ్ళు ఏ సర్జన్‌ని అడిగినా గుర్తుకొస్తారు. నలభై దాటిన మనిషికి పెద్ద గడ్డ లేస్తే షుగర్ చూడకుండా పంపేయడం, నా దృష్టిలో, సగం వైద్యమే.

చికిత్సకి వద్దాం. చిన్న గడ్డ, జ్వరం లేదు, షుగర్ లేదు అంటే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు కాపడం పెట్టాలి. మన పెద్దవాళ్ళ అవిసెగింజల పట్టూ కాల్చిన ఉల్లిపాయ కట్టూ చేసిన మేలు ఆ వేడి చేసిందే. సున్నం మాత్రం వద్దు. అది చర్మాన్ని కాల్చి, గడ్డ మీద ఇంకో పుండు చేస్తుంది. పిండడం అసలు వద్దు. పిండితే చీము పైకి రావడం కన్నా, చుట్టూ కట్టిన గోడ చిట్లి లోపలికి పాకే ప్రమాదమే ఎక్కువ. సూదితో పొడవడమూ అంతే.

చీము చేరిన గడ్డకి అసలు వైద్యం గాటు. ఇది వినగానే జనం బెదురుతారు కాబట్టి ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. బోర్లా పడుకోబెట్టి గడ్డ చుట్టూ మందుతో తుడుస్తారు. మత్తు సూది గడ్డలోకి కాకుండా చుట్టూ ఉన్న మంచి చర్మంలోకి వేస్తారు, ఎందుకంటే చీము పట్టిన చోట ఆమ్లం ఎక్కువగా ఉండి మత్తు సరిగ్గా పనిచేయదు. గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది. మెత్తబడిన చోట బ్లేడుతో చిన్న గాటు పెట్టగానే చీము ఒత్తిడితో బయటికి వస్తుంది. రోజుల తరబడి సలిపిన సలుపు చాలామందికి ఆ క్షణంలోనే సగం దిగిపోతుంది. తర్వాత డాక్టరు సన్నని పరికరం లోపలికి పోనిచ్చి అరలరలుగా దాగిన చీమునంతా కలిపి బయటికి తెస్తారు. ఈ పని సగంలో ఆపితేనే గడ్డ తిరగబెట్టేది. సెలైన్‌తో కడిగి, గాటును కుట్టకుండా తెరిచే ఉంచి కట్టు కడతారు. పెద్ద గాయమైతే లోపల గాజుగుడ్డ పెడతారు. చిన్నదానికి చాలాసార్లు ఆ అవసరం ఉండదు. కుట్టలేదేమిటని కంగారుపడకండి, లోపలినుంచి పూడుకుంటూ రావడమే సరైన మానుదల.

మరి యాంటీబయాటిక్ సంగతి? మన ఊళ్ళల్లో తిరకాసంతా ఇక్కడే. మందుల షాపులో నాలుగు మాత్రలు తీసుకోవడం, లేదా ఆర్ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు వేయించుకోవడం. చీము లోపలే ఉంటుంది, పైపైన కాస్త తగ్గినట్టవుతుంది, వారానికి మళ్ళీ మొదలు. 2016లో అమెరికాలోని ఎమర్జెన్సీ విభాగాల్లో 1,200 మందికి పైగా గడ్డల రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. అందరికీ గాటు పెట్టి చీము తీశారు. సగం మందికి యాంటీబయాటిక్, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చారు. మందు వాడినవాళ్ళలో 80.5 శాతం, ఉత్తి మాత్ర మింగినవాళ్ళలో 73.6 శాతం మందికి నయమైంది. పదిమందిలో ఏడుగురికి గాటే సరిపోయింది, మందు ఇంకాస్త సాయం చేసింది. గాటుకి బదులుగా మందు పనికిరాదు, గాటుకి తోడుగా కొందరికి అవసరమవుతుంది. జ్వరం, గడ్డ చుట్టూ పాకుతున్న ఎరుపు, షుగర్, ఒకటికి మించిన గడ్డలు ఉన్నా, రోగి పసిబిడ్డో వృద్ధులో అయినా డాక్టరు మందు రాస్తారు. ఏ మందు అన్నది కూడా తేలికైన విషయం కాదు. ఐసీఎంఆర్ ఆసుపత్రుల నెట్‌వర్క్ ఇటీవలి నివేదికల్లో స్టెఫిలోకాకస్ ఆరియస్ నమూనాల్లో 40 శాతానికి పైగా మెథిసిలిన్ అనే మందుకి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకమే. షాపతను అలవాటుగా ఇచ్చే మాత్రల్లో చాలావాటికి అది లొంగదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మర్నాటికి ఆగకూడదు. చలితో జ్వరం, గంటగంటకీ విస్తరిస్తున్న ఎరుపు, గడ్డ సైజుకి పొంతన లేని విపరీతమైన నొప్పి, చర్మం నల్లబడటం లేదా తాకితే కరకరలాడటం, మతి తప్పినట్టు మాట్లాడటం. గజ్జల్లో, మర్మాంగాల దగ్గర లేచిన గడ్డ షుగర్ రోగిలో ఒక్కరోజులో ప్రాణం మీదకి తేగలదు. వీపు మీది గడ్డ తర్వాత తీవ్రమైన నడుం నొప్పి, కాళ్ళలో తిమ్మిరి వస్తే సూక్ష్మజీవి రక్తంలో కలిసి వెన్నుదాకా చేరిందేమోనని చూడాలి.

మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు ఇంటివైపు చూసుకోవాలి. ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడటం, ఒకే రేజర్ ఇద్దరు వాడటం మానాలి. దుప్పట్లు, తువ్వాళ్ళు, లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. ముక్కులో ఉన్న సూక్ష్మజీవిని తగ్గించడానికి ఐదు రోజులపాటు రెండుపూటలా ముక్కులో రాసే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్, క్లోర్‌హెక్సిడిన్ కలిపిన స్నానం డాక్టర్లు సూచిస్తారు. గజ్జి ఉంటే ముందు దానికి మందు వాడాలి. గోకుడు ఆగకపోతే గడ్డలూ ఆగవు.

ఇంతవరకు శరీరం సంగతి. గడ్డకి ఇంకో జీవితం ఉంది, కాగితం మీద. జబ్బులన్నిటికీ ప్రపంచమంతా ఒకే తీరున పేరు పెట్టాలన్న ప్రయత్నం 1893లో జాక్ బెర్టియోన్ అనే ఫ్రెంచ్ గణాంకవేత్త తయారుచేసిన మరణకారణాల జాబితాతో గట్టిపడింది. అదే పెరిగి ఐసీడీ అనే జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ అయింది. పదో కూర్పు ఐసీడీ-10ని ప్రపంచ ఆరోగ్య మహాసభ 1990లో ఆమోదించింది. పదకొండోది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ ఆసుపత్రుల్లోనూ బీమాలోనూ ఇప్పటికీ ఎక్కువగా నడుస్తున్నది పదోదే. ఐసీడీ-10లో చర్మం మీది అబ్సెస్, ఫ్యూరంకుల్, కార్బంకుల్ మూడింటికీ కలిపి ఎల్02. మొండెం అయితే ఎల్02.2. అమెరికా దీన్ని ఇంకా విడగొట్టి 2015 అక్టోబరు 1 నుంచి వాడుతోంది. అక్కడ తర్వాతి అంకె ఏ రకమో చెబుతుంది: 1 అబ్సెస్, 2 ఫ్యూరంకుల్, 3 కార్బంకుల్. చివరి అంకె చోటు: 1 పొట్ట గోడ, 2 వీపు, 3 ఛాతీ, 4 గజ్జ, 5 మర్మాంగాల కింది భాగం, 6 బొడ్డు, చోటు రాయకపోతే 9. వీపు మీద సెగ్గడ్డ ఎల్02.222, వీపు మీద కార్బంకుల్ ఎల్02.232.

హైదరాబాద్‌లో వేలమంది తెలుగు యువతీయువకుల ఉద్యోగం ఇదే. బీఫార్మసీయో, నర్సింగో, మైక్రోబయాలజీయో చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, అమెరికా డాక్టర్లు రాసిన కేసు కాగితాలకి కోడ్లు వేస్తారు. వాళ్ళ తెర మీద ఇలాంటి చీటీ వచ్చిందనుకోండి: "వీపు మీద 3 సెంటీమీటర్ల సెగ్గడ్డ. చీము కదులుతోంది. గాటు పెట్టి తీశాం. కల్చర్‌కి పంపాం. రోగికి షుగర్ ఉంది." కోడర్ ఎల్02.222 వేస్తారు. ఒక్క గడ్డకి మామూలు గాటు కాబట్టి చికిత్సకి విడిగా వేసే కోడ్ 10060. గడ్డలు ఒకటికి మించినా, పని క్లిష్టమైనా 10061. ఈ రెండింటిలోనూ ఆ తర్వాతి పది రోజుల మామూలు పర్యవేక్షణ కలిసే ఉంటుంది, అదే డాక్టరు కట్టు చూసినందుకు విడిగా బిల్లు వేయకూడదు. షుగర్ ఏ రకమో రాయలేదు కాబట్టి నియమం ప్రకారం టైప్ 2 కింద ఇ11.9 పడుతుంది. ఆ గడ్డ షుగర్ వల్లే వచ్చిందని కోడర్‌కి అనిపించినా తనంతట తాను రాయకూడదు, డాక్టరు రాయాలి. కల్చర్‌లో స్టెఫిలోకాకస్ ఆరియస్ వచ్చిందని ల్యాబ్ కాగితంలో ఉన్నా డాక్టరు నోట్‌లో లేకపోతే బి95.6 వర్గం కోడ్ వేయకూడదు. ఔట్‌పేషెంట్ చీటీలో "కావచ్చు", "అనుమానం" అని రాసిన జబ్బుకి కోడే ఉండదు.

కొత్తగా చేరినవాళ్ళు తడబడేవి సరిహద్దుల దగ్గర. గజ్జ మొండెంలోకే వస్తుంది. చంక మాత్రం కాళ్ళూ చేతుల వర్గమైన ఎల్02.4లో ఉంది. పిరుదుకి ఎల్02.3. రొమ్ములోని చీము అసలు చర్మవ్యాధుల్లోనే లేదు, ఎన్61లో ఉంది, పాలిచ్చే తల్లికైతే ఓ91. అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డు చీము పట్టితే పి38. సిస్టు ఎల్72, హైడ్రాడినైటిస్ ఎల్73.2, పైలోనిడల్ ఎల్05. పైన డాక్టరు వేళ్ళతో తడిమి తేల్చిన తేడాలే ఇక్కడ అంకెలుగా మారాయి. ఇందులో తెలివి చూపించి ఊహించేవాడు మంచి కోడర్ కాడు. చీటీలో లేనిదాన్ని డాక్టరుని అడిగి తెలుసుకునేవాడే మంచి కోడర్.

అమెరికా గొడవ మనకెందుకు అనుకోవద్దు. ఇక్కడ కూడా ఆరోగ్యబీమా క్లెయిమ్ ఫారంలో ఆసుపత్రి నింపే భాగంలో ఐసీడీ-10 కోడ్ గడి ఉంది. చాలా పాలసీల్లో సిస్టులకి, పైలోనిడల్ సైనస్‌కి మొదటి 24 నెలలు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. అప్పటికప్పుడు లేచిన అబ్సెస్‌ని హడావుడిలో "సిస్టు" అని రాస్తే క్లెయిమ్ తిరిగి రావచ్చు. అలాగని నిజంగా సిస్టే అయినదాన్ని డబ్బు కోసం అబ్సెస్‌గా రాయించుకోవడం మోసం. పైగా తర్వాత చూసే డాక్టరుకి అది తప్పుదారి చూపిస్తుంది. టీబీ గడ్డను ఉత్త గడ్డగా రాస్తే రోగి టీబీ రోగుల్ని ప్రభుత్వం నమోదు చేసే నిక్షయ్ జాబితాలోకి ఎక్కడు, ఇంట్లో మిగతావాళ్ళకి పరీక్షలూ జరగవు.

అందుకే డిశ్చార్జ్ సమ్మరీ చేతికిచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. ఉత్తి "గడ్డ" అని కాకుండా ఏ రకమో ఉందా, వీపో ఛాతీయో గజ్జో రాశారా, కుడో ఎడమో ఉందా, కల్చర్ ఫలితం వచ్చాక చేర్చారా, షుగర్ ఎంత ఉందో వేశారా చూడండి. ఇంగ్లిషు రాకపోతే నర్సమ్మను అడిగి చెప్పించుకోండి, మొహమాటపడకండి. తేడా ఉంటే అక్కడే, ఆ డాక్టరు ఉండగానే సరిచేయించండి. సంతకం పడి బీమా కంపెనీకి వెళ్ళిపోయిన కాగితాన్ని తర్వాత మార్పించడం చాలా కష్టం.